గ్యాస్ అసిస్టెడ్ మోల్డింగ్: ఇంజినీర్లకు శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా యూనిట్‌లో ఈ మధ్యే గ్యాస్ అసిస్టెడ్ మోల్డింగ్ (అచ్చులోని కరిగిన ప్లాస్టిక్‌లోకి నైట్రోజన్ గ్యాస్ పంపి మందపాటి భాగాన్ని లోపల బోలుగా చేసే పద్ధతి) కోసం నైట్రోజన్ కంట్రోలర్ అమర్చారు. మామూలు ఇంజెక్షన్ మోల్డింగ్ బాగా తెలిసిన ఇంజినీర్లు కూడా మందపాటి హ్యాండిళ్లలో గ్యాస్ ఎటు పోతుందో అంచనా వేయలేకపోతున్నారు. శిక్షణ ఏ క్రమంలో ఇవ్వాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: ముందుగా గ్యాస్ ఇవ్వకుండా, అచ్చు పూర్తిగా నిండని షాట్లు వరుసగా కొట్టించి, వాటిని బల్లపై పేర్చి చూపించండి సార్. ప్లాస్టిక్ ఎక్కడ ఆగుతోందో కళ్లారా చూసినవారికి, వేడిగా, మందంగా, ఒత్తిడి తక్కువగా ఉన్న దారినే గ్యాస్ పట్టుకుంటుందన్న సంగతి బాగా తలకెక్కుతుంది. తర్వాత హ్యాండిల్‌ను అడ్డంగా కోయించి, బోలు చుట్టూ గోడ మందం కొలిపించండి. గ్యాస్ తన ఛానల్ (గ్యాస్ పోవడానికి డిజైన్‌లో ఉంచిన మందపాటి దారి) దాటి పలుచని గోడలోకి వేళ్లలా చొచ్చుకుపోయి ఉంటే, గ్యాస్ డిలేను (ప్లాస్టిక్ పంపాక గ్యాస్ వదిలే ముందు ఆగే సమయాన్ని) కొద్దికొద్దిగా పెంచి మళ్లీ కోసి చూడమనండి. మరీ పెంచితే ప్లాస్టిక్ ఆగిన చోట పైన గీత పడుతుంది.

జవాబు: భద్రత పాఠం మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. అచ్చు తెరవకముందే లోపలి పీడనం పూర్తిగా విడుదల కాకపోతే భాగం ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. నైట్రోజన్‌కు వాసన లేదు కనుక, గాలి ఆడని గదిలో లీకైతే ఊపిరాడని సంగతి ముందుగా తెలియదు.

జవాబు: అచ్చు డిజైనర్లనూ తప్పక కూర్చోబెట్టండి. ఛానల్ తప్పుగా గీస్తే మెషిన్ దగ్గర సరిదిద్దగలిగేది చాలా తక్కువ.