అప్‌డేట్: వెలుతురు ఉన్నా గ్లూటమేట్ ఎందుకు రాలేదో తేలింది

పాలకూర నుంచి విడదీసిన క్లోరోప్లాస్టులకు (ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ జరిగే కణభాగాలు) ముడిసరుకుగా గ్లూటమిన్, 2-ఆక్సోగ్లూటరేట్ ఇచ్చి వెలుతురులో పెట్టినా గ్లూటమేట్ (ఒక అమైనో ఆమ్లం) పెరగడం లేదని ఇంతకుముందు అడిగాను. కారణం ఇది: క్లోరోప్లాస్టు పై పొర చిరిగి, ఎలక్ట్రాన్లు మోసే ఫెర్రెడాక్సిన్ అనే ప్రోటీన్ బయటికి పోతోంది. గ్లూటమేట్‌ని తయారుచేసే ఎంజైమ్ గ్లూటమేట్ సింథేజ్‌కి ఒక్కో చర్యకు 2 ఎలక్ట్రాన్లు అందించేది అదే. అది లేకపోతే థైలకాయిడ్లు (వెలుతురుని పట్టే లోపలి పొరలు) ఎంత బాగున్నా లాభం లేదు.

పొర సంగతి ఫెర్రిసయనైడ్ పరీక్షలో పట్టుబడుతుంది: చెక్కుచెదరని క్లోరోప్లాస్టులోకి ఆ రసాయనం దూరలేదు, పొర చిరిగితేనే దూరుతుంది. పొర చిరగకుండా ఇలా చేశాను: బఫర్‌లో 0.33 మోలార్ సార్బిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్), అంతా ఐసు మీదే, బ్లెండర్ రెండు మూడు సెకన్లే. ఇప్పుడు గ్లూటమేట్ వస్తోంది. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని ఆపే డీసీఎంయూ వేస్తే ఆగుతోంది, గ్లూటమేట్ సింథేజ్‌ని ఆపే అజాసెరిన్ వేసినా అంతే.

చీకటి కంట్రోల్ (అదే ప్రయోగం వెలుతురు లేకుండా) మాత్రం వదలొద్దు. ఆస్పార్టేట్ లాంటివి మిగిలి ఉంటే ట్రాన్సామినేజులు (అమైనో గుంపును ఒక అణువు నుంచి మరోదానికి మార్చే ఎంజైములు) వెలుతురుతో పనిలేకుండానే గ్లూటమేట్ చేసేస్తాయి. ఆ ఎంజైముల్ని అమైనోఆక్సీఎసిటేట్‌తో ఆపాలి.