ఈడీఎఫ్ జెట్‌కి 4000 బ్యాటరీయే మళ్లీ కొనాలా, 5000కి వెళ్లాలా?

అందరికీ నమస్కారం. నా దగ్గర 70 ఎంఎం ఫ్యాన్ ఉన్న ఎఫ్-16 రిమోట్ కంట్రోల్ మోడల్ ఉంది, అంటే గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో (ఈడీఎఫ్) ఎగిరే చిన్న జెట్. 6ఎస్ (ఆరు సెల్స్ వరుసగా కలిపిన) 4000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడుతున్నాను, దాని మీద 35సీ అని రాసి ఉంది, అంటే కెపాసిటీకి 35 రెట్ల కరెంట్. ఆ లెక్కన 140 ఆంపియర్లు ఇవ్వాలి. ఫుల్ థ్రాటిల్‌లో వాట్‌మీటర్ చూపించేది 68 మాత్రమే, అయినా 25.2 వోల్టులు ఉన్నది ఒక్కసారిగా 21కి పడిపోతోంది. టేకాఫ్‌లో ఫ్యాన్ సౌండ్ నీరసపడినప్పుడల్లా నాకు గుండె జారిపోతోంది.

నిన్న చార్జర్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలి నిరోధం, ఎక్కువైతే లోడ్‌లో వోల్టేజ్ పడిపోతుంది) చూశాను. ఐదు సెల్స్ 6, 7 మిల్లీఓమ్స్ దగ్గర ఉన్నాయి, మూడోది మాత్రం 15. ప్యాక్ పక్కన వేలితో నొక్కితే కాస్త ఉబ్బినట్టు మెత్తగా తగులుతోంది. దీన్ని ఇక ఎగరేయను, అది ఖాయం.

కొత్తది 5000 తీసుకుంటే దాదాపు 150 గ్రాములు పెరుగుతుంది. బ్యాటరీని వెనక్కి జరిపి సీజీ (గురుత్వ కేంద్రం) సరిచేయొచ్చు, కానీ ల్యాండింగ్ స్పీడ్ పెరుగుతుందని భయం. మా గ్రౌండ్ చిన్నది. 4000లోనే మంచి సెల్స్ ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? సగటున 45 ఆంపియర్లు, 80 శాతం వాడకం అనుకుంటే నాలుగు నిమిషాలు వస్తుంది, నాకు అది చాలు. ఇదే సైజు జెట్ ఎగరేసేవాళ్లు టైమర్ ఎంత పెడుతున్నారో, దిగాక ఒక్కో సెల్‌లో ఎన్ని వోల్టులు మిగులుతున్నాయో దయచేసి చెప్పండి.