హైరిస్క్ ప్రెగ్నెన్సీ: ఇంట్లో నర్సుని పెట్టుకోవడం అవసరమా?

పల్నాడు అక్క:
అందరికీ నమస్తే. మా చెల్లికి 29 వారాలు, రెండో కాన్పు. మొదటిసారి ఎనిమిదో నెలలో బీపీ ఒక్కసారిగా పెరిగిపోతే అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి బాబుని తీశారు, వాడు కొన్నాళ్లు ఇంక్యుబేటర్‌లో ఉండి గట్టెక్కాడు. అందుకే ఈసారి మూడో నెల నుంచే రాత్రిపూట ఆస్పిరిన్ ఇచ్చారు. ఈ మధ్య బీపీ 140/90 దాకా వస్తోందని దానికీ మాత్ర మొదలుపెట్టారు. చెల్లి నరసరావుపేట పక్క పల్లెలో అమ్మ దగ్గర ఉంది, మరిది ఉద్యోగం బెంగళూరులో, నేను హైదరాబాద్‌లో. డాక్టరమ్మ మంచావిడే గానీ ఓపీలో జనం ఎలా ఉంటారో తెలుసు కదా, "రెస్ట్ తీసుకో, ఇంట్లో బీపీ చూసుకుంటూ ఉండు" అని పంపేస్తారు. ఎలా చూసుకోవాలి, ఎంత వస్తే పరిగెత్తాలి, అది చెప్పేవాళ్లు లేరు. అమ్మేమో ఉప్పు మానిపించి చప్పిడి కూడు పెడుతోంది, మంచం దిగనివ్వట్లేదు. గుంటూరులో ఒక ఏజెన్సీ వాళ్లు రాత్రీ పగలూ ఉండే నర్సుని పంపిస్తాం, నెలకి 30 వేలు అంటున్నారు. పెట్టమంటారా? డబ్బు సంగతి ఎలాగోలా చూసుకుంటాం, పనికొస్తుందా లేదా చెప్పండి.

బెజవాడ అమ్మాయి:
పెట్టుకోండి అక్కా, ఆలోచించకండి. నాకు కవలలు, షుగర్ కూడా వచ్చింది, ఇన్సులిన్ వేసుకోవాలంటే చేతులు వణికేవి. మా ఇంటికి వచ్చినావిడ సూది ఎలా వేసుకోవాలో నేర్పింది, తిన్నాక 2 గంటలకి షుగర్ చూసి పుస్తకంలో రాసేది, డాక్టర్ దగ్గరికి ఆ పుస్తకం పట్టుకెళ్తే వాళ్లు కూడా దాన్ని చూసే డోసు మార్చేవాళ్లు. అన్నిటికన్నా నా టెన్షన్ సగం తగ్గింది, అర్ధరాత్రి కడుపు బిగిసినట్టు అనిపిస్తే పక్కనే అడగడానికి ఒక మనిషి ఉంది.

లేబర్‌రూమ్ సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని, చాలా ఏళ్లుగా లేబర్ రూమ్ డ్యూటీ. పైన చెప్పినావిడకి దొరికింది నిజమైన నర్సు, అదృష్టం. ఏజెన్సీలు పంపేవాళ్లలో చాలామంది కేర్‌టేకర్లే, తెల్లకోటు వేసుకుంటారంతే. జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చేశారా, బీఎస్సీ నర్సింగా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ప్రసూతి వార్డులో పనిచేశారా అని అడగండి. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. స్నానం చేయించి కాళ్లు పట్టే మనిషే కావాలనుకుంటే ఊళ్లోనే అందులో సగానికి దొరుకుతుంది.

మీ చెల్లికి కావలసింది అంకెలు చూసి "ఇప్పుడు బయల్దేరు" అని చెప్పగలిగే మనిషి. ఆ పని చాలావరకు ఇంట్లోవాళ్లకే నేర్పొచ్చు. చేతికి కట్టే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. పట్టీ చేతికి సరిపోవాలి, లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలమీద పెట్టి, చేతిని గుండె ఎత్తులో ఏ దిండు మీదో ఉంచి, మాట్లాడకుండా చూడాలి. పొద్దునా సాయంత్రం రాసుకోవాలి. 140/90 దాటుతుంటే అదే రోజు డాక్టర్‌కి చెప్పండి. పై అంకె 160 గానీ, కింద అంకె 110 గానీ వస్తే ఫోన్ల కోసం చూడొద్దు, ఆస్పత్రికి బయల్దేరడమే. అంకె మామూలుగా ఉన్నా సరే, తగ్గని తలనొప్పి, కళ్లముందు మసకలు, మెరుపులు, మొహం ఉన్నట్టుండి ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే ఆగకూడదు. ఈ చివరిదాన్ని గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకుని, ఫిట్స్ వచ్చాక తీసుకొచ్చినవాళ్లని చూశాను. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా అంతే, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు.

చప్పిడి కూడు వల్ల ఈ బీపీ తగ్గదు, అమ్మగారికి నచ్చజెప్పండి. పచ్చళ్లు, అప్పడాలు తగ్గించి మామూలు కూర పప్పు పెట్టమనండి, తిండే సయించకపోతే ఇంకా నీరసం. రోజంతా మంచం మీదే ఉంచితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇంట్లో అటూ ఇటూ తిరగనివ్వండి.

సబ్‌సెంటర్ ఏఎన్‌ఎమ్:
ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, మీ ఊరి ఆశా కార్యకర్తకీ ఏఎన్‌ఎమ్‌కీ పేరు రాయించారా? చాలామంది "మేం ప్రైవేటులే" అని మమ్మల్ని గుమ్మం దగ్గర్నుంచే పంపేస్తారు, తర్వాత అర్ధరాత్రి మాకే ఫోన్ చేస్తారు (చేస్తే ఎత్తుతాం, అది వేరే సంగతి). ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి ఉచితంగా స్పెషలిస్టు పరీక్షలు ఉంటాయి, 2016లో పెట్టారు. అక్కడ ప్రమాదం ఉన్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఆ స్టిక్కర్ పడిందంటే మేం ఇంటికి వచ్చి చూస్తాం, మా లిస్టులో ఉంటారు. బీపీ, హెచ్‌బీ (రక్తం శాతం), మూత్రంలో ప్రొటీన్ ఇవన్నీ మా దగ్గరా చూస్తాం.

ఇంకోటి, ఎక్కడ కాన్పు చేయించాలో ఇప్పుడే తేల్చుకోండి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డని చూసే ఐసీయూ ఉన్నచోటికే వెళ్లాలి. పుట్టాక బిడ్డని అంబులెన్సులో తిప్పడం కన్నా కడుపులో ఉండగానే తల్లిని తీసుకెళ్లడం మేలు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి వేసే ఇంజెక్షన్లకి కూడా కాస్త టైమ్ కావాలి. 108 నంబరు అందరి ఫోన్లలో పెట్టండి. రిపోర్టులు, కార్డు, రక్తం గ్రూపు కాగితం ఒకే సంచిలో.

పల్నాడు అక్క:
చాలా థాంక్సండీ. ఏజెన్సీకి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే "కనుక్కుని చెప్తాం" అన్నారు, ఇంకా చెప్పలేదు. మిషన్ ఆర్డర్ పెట్టాను. ఆశా గారు మా అమ్మకి తెలిసినావిడేనట, రేపు రమ్మన్నాం. ఒక్క డౌటు, కాన్పు అయిపోతే బీపీ గొడవ పోయినట్టేనా?

లేబర్‌రూమ్ సిస్టర్:
పోదండి, అక్కడే అందరూ ఏమరుతారు. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో బీపీ మళ్లీ పెరుగుతుంది, సరిగ్గా ఇంటికి పంపేసే సమయం. 6 వారాల వరకు జాగ్రత్తగానే ఉండాలి. నిజంగా నర్సుకి డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ఆ మొదటి 10 రోజులకి పెట్టండి, బాలింత నిద్ర లేక తలనొప్పి అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. డిశ్చార్జి రోజు బీపీ మాత్ర ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు చూపించాలి అన్నది చీటీలో రాయించుకునే బయటికి రండి.