‘పరువంబు కలిమి దొరతన…’ నాలుగో పాదం ఎవరికైనా గుర్తుందా?

మూడు లాంతర్లు, విజయనగరం:
పొద్దున్న పేపర్లో ఒక ఆర్డినెన్సు వార్త చదువుతుంటే చిన్నయసూరి కందం నోటికొచ్చింది. చివరికొచ్చేసరికి ఆగిపోయింది.

పరువంబు కలిమి దొరతన
మరయమి యనునట్టి వీనియం దొకటొకటే
పొరయించు ననర్థము నాఁ
బరఁగినచో…

వయసు పొంగు, సంపద, అధికారం, అవివేకం, వీటిలో ఒక్కొక్కటే చేటు తెస్తుంది, నాలుగూ కలిస్తే ఇక చెప్పేదేముంది అని భావం. మా నాన్నగారు ‘నాలుగింటఁ బలుకఁగ నేలా’ అని చదివేవారు. మా అన్నయ్య ‘నాల్గు నింకఁ బలుకఁగ వలెనే’ అని పట్టుబడుతున్నాడు. గణాలు రెండింటికీ సరిపోతున్నాయి, యతీ కుదురుతోంది. నీతిచంద్రిక పాత అచ్చు ఇంట్లో ఉన్నవాళ్లు కాస్త చూసి పెట్టండి.

ఆమదాలవలస మేష్టారు:
నేను ‘నేలా’ అనే పాఠం చెప్పాను. దీనికి మూలమైన హితోపదేశ శ్లోకం చివర ‘కిము యత్ర చతుష్టయమ్’ (నాలుగూ ఉన్నచోట చెప్పేదేముంది) అని ఉంది. ఆ ‘కిము’కి ‘ఏల’ దగ్గర మాట. అయినా బాబూ, చిక్కంతా రెండో పాదం చివరుంది. ‘ఒకటొకటే’. ఆ ఏకారాన్ని ఎలా తీసుకుంటారు? నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, అనర్థం తప్పదనేగా? అంటే వివేకం ఉండి, వయసు మీరి, డబ్బు మీద ఆశ లేనివాడి చేతిలో ఉన్నా సరే, దొరతనం దొరతనంగానే చేటు తెస్తుందని. సూరి అంత మాట తెలిసే అన్నాడా?

బొబ్బిలి:
కందంలో రెండో పాదం గురువుతో ముగియాలి కదా మేష్టారూ. ‘ఒకటొకటి’ అంటే లఘువుతో తేలిపోతుంది. అందుకు పెట్టిన దీర్ఘం అది. దాని మీద రాజనీతి అంతా నిలబెట్టలేం.

రాజాం అమ్మాయి:
మరి మూలంలో ‘ఏకైకమప్యనర్థాయ’ (ఒక్కొక్కటి కూడా చేటుకే) అని ఉంది కదా అన్నయ్యా, ఆ ‘అపి’ ఏమైపోయింది? అదే ఈ ‘ఏ’. ఛందస్సుకి కావలసిన గురువునే అర్థానికీ వాడుకున్నాడు సూరి. పాదం విరుపు కూడా గమనించండి. ‘దొరతన’ పైన, ‘మరయమి’ కింద. ‘దొరతనము’ తాలూకు ము, ‘అరయమి’ తాలూకు అ ఒకే అక్షరంలో కలిసిపోయాయి. యతి కూడా ఆ అకారానికే, ‘యందు’లోని య-తో. పరువాన్నీ కలిమినీ విడివిడిగా వదిలేసి ఈ రెండింటినే ముడివేశాడు. అది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

మూడు లాంతర్లు, విజయనగరం:
కానీ అమ్మా, కథలో సందర్భం వేరు. సుదర్శనుడనే రాజు ఇది విని తన కొడుకుల గురించి బెంగపడతాడు. అక్కడ ప్రభుత్వం అంటే కుర్రవాడి చేతికొచ్చిన పెత్తనం. మనం ఇప్పుడు గవర్నమెంటు అనేదానికి అన్వయించొచ్చా?

ఆమదాలవలస మేష్టారు:
సంస్కృతంలో మీరన్నదే. తెలుగులోకి వచ్చాక మారింది. నీతిచంద్రిక 1853. సూరి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల పండితుడు. ఆనాటి కాగితాల్లో ‘దొరతనమువారు’ అంటే గవర్నమెంటే, ఇంకో అర్థం లేదు. కంపెనీ రాజ్యం ఇంకా నడుస్తోంది. ఆ మాట విన్న మద్రాసు కుర్రాడికి సుదర్శనుడి కొడుకులు గుర్తొస్తారా, కోటలో కూర్చున్న గవర్నరు గుర్తొస్తాడా? మన వైపు అయితే చెప్పనే అక్కర్లేదు. 1794లో పద్మనాభం దగ్గర చిన విజయరామరాజుని బలిగొన్న పోరు పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల తగవు నుంచే పుట్టింది. 1802లో శాశ్వత పైకం నిర్ణయించి జమీందార్లను కూర్చోబెట్టారు. పండినా ఎండినా కట్టాల్సిందే. దొరతనము, కలిమి రెండూ ఒకే గద్దె మీద కూర్చున్నాయి.

సోంపేట:
నేను ‘అరయమి’ దగ్గర ఆగిపోయాను. అవివేకిత అంటే వివేకం లేకపోవడం, అంతే. అరయు అంటే అంతకంటే ఎక్కువ. విచారించడం, వెతికి చూడడం, ‘అరసి రక్షించు’ అన్నప్పుడు కనిపెట్టుకుని ఉండడం. కాబట్టి అరయమి అంటే తెలివి తక్కువతనం కాదు. చూడగలిగీ చూడకపోవడం.

మా బీల సంగతి తీసుకోండి. ఏడాది పొడవునా తడి ఆరని నేల. వరి, చేపలు, పశువుల మేత, పక్షులు, చుట్టుపక్కల ఊళ్ల తాగునీరు. కాగితంలో మాత్రం ఎందుకూ పనికిరాని బంజరు. ఆ కాగితం పట్టుకుని థర్మల్ ప్లాంటుకి ఇచ్చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. నేలని చూడకుండా అనుమతి ఇచ్చిందీ ప్రభుత్వమే, తుపాకీ పంపిందీ ప్రభుత్వమే, తప్పని కొట్టేసిందీ ప్రభుత్వం పెట్టిన సంస్థే. ముందే ఎవరైనా వచ్చి అరసి ఉంటే ఆ రెండు ప్రాణాలు ఉండేవి. నాకు ఈ పద్యంలో అన్నిటికంటే బరువైన మాట ‘అరయమి’. దొరతనం దాని పక్కన చేరితేనే చంపుతుంది.

పాలకొండ:
అలాగయితే ‘ఒకటొకటే’ తప్పుతుంది కదా తమ్ముడూ. పక్కన చేరితేనే అంటున్నావు, పద్యం చేరకపోయినా అంటోంది. నేను పద్యంతోనే పేచీ పెడతాను. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను మనమీద పడింది. కొబ్బరి, జీడి తోటలు పోయాయి. స్తంభాలన్నీ నేలకొరిగాయి. ముందే ఊళ్లు ఖాళీ చేయించింది ఎవరు? వేరే జిల్లాల నుంచి లైన్‌మెన్లను దింపింది ఎవరు? ఉద్దానం కిడ్నీల సంగతే చూడు. జబ్బుకి మూలం ఇదీ అని ఇంకా తేలలేదు, అయినా హిరమండలం నుంచి అంత దూరం పైపులేసి నీళ్లు ఇవ్వడం ఏ ధర్మాత్ముడొకడి వల్ల అవుతుంది? దొరతనమే ఉండాలి.

సోంపేట:
ఆ నీళ్ల కోసం ఎన్నేళ్లు అడిగారో కూడా చెప్పండి బావా. ఉద్దానంలో డయాలసిస్ మంచాల మీద ఉన్నవాళ్లకి ‘అరయమి’ అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

బొబ్బిలి:
దీనికి గురజాడ ఎప్పుడో జవాబు చెప్పేశాడు. ‘కన్యాశుల్కం’లో గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి లెక్చరు దంచుతాడు. అంతా విని బండివాడు అడిగిందల్లా తమ ఊరి హెడ్డు కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారనే. గిరీశం ఆ మాటకి తిట్టుకుంటాడు. అందరూ అక్కడ బండివాడి అమాయకత్వం చూస్తారు. నాకు మాత్రం ఆ ప్రశ్న గొప్పది. బండివాడికి సామ్రాజ్యం అంతా ఆ కానిస్టేబులు లాఠీలోనే ఉంది. దొరతనం మద్రాసులో ఉండొచ్చు, లండన్లో ఉండొచ్చు, తగిలేది ఊళ్లోనే.

రాజాం అమ్మాయి:
ఆ నాటకం మీద నేనూ రాత్రంతా మాట్లాడగలను. మీరు మాత్రం ఏకారం నుంచి తప్పించుకున్నారు. ‘ఒకటొకటే’కి తిరుగులేని ఉదాహరణ కావాలా? ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి. పదిహేను దేశాలు. అందులో శాశ్వత సభ్యులు అయిదు. 1945 నుంచీ ఆ అయిదింట్లో ఒక్కటి వద్దంటే చాలు, మిగతా సభ్యులంతా ఒప్పుకున్నా తీర్మానం ఆగిపోతుంది. అక్కడ పరువమూ లేదు, తెలియకా కాదు. వాళ్ల రాయబారులకి అన్నీ తెలుసు. ఒట్టి దొరతనమే అనర్థం పొరయిస్తోంది.

టెక్కలి:
గిడుగు రామమూర్తిగారి ఊసు ఎవరూ ఎత్తలేదేమిటి? సూరి వ్యాకరణం మీద జీవితమంతా పోరాడినవాడు మన పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన పర్లాకిమిడి బతుకే ఈ పద్యానికి వ్యాఖ్యానం. ఆయన సవర భాష పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చేసింది. అయిదేళ్లకే, 1936 ఏప్రిల్ 1న, అదే దొరతనం ఒడిశా రాష్ట్రం గీత గీసింది. పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో ఉన్నది మహేంద్రతనయ నదే. డెబ్బై దాటిన మనిషి ఆ గీత ఒప్పుకోలేక ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. పుస్తకం అచ్చువేసిన చేయి, ఊరిని విడగొట్టిన చేయి ఒక్కటే. పాలకొండ అన్నయ్యదీ సోంపేట తమ్ముడిదీ రెండు మాటలూ ఇక్కడ నిజమే.

పాలకొండ:
ఆ గీత వెనక ఒడియావాళ్ల ఉద్యమం కూడా ఉంది టెక్కలి తమ్ముడూ. వాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయం. దొరతనం ఒక్కటే గీసిందనడం కుదరదు.

టెక్కలి:
ఉద్యమం అడిగింది, నిజమే. గీత ఎక్కడ పడాలో ఖాయం చేసింది ఎవరు?

ఆమదాలవలస మేష్టారు:
ఇంత చర్చలో ఎవరూ అడగనిది ఒకటుంది. ‘పొరయించు ననర్థము’. పొరయు అంటే పొందు. పొరయించు అంటే పొందించు. ఎవరికి పొందిస్తుంది? షష్ఠి లేదు, చతుర్థి లేదు. మూలంలోనూ లేదు. దొరతనం ఉన్నవాడికి చేటా, కింద ఉన్నవాడికా?

సోంపేట:
జనానికే. దొరకి చేటయితే ఈపాటికి దొరలే మిగలకూడదు.

మూడు లాంతర్లు, విజయనగరం:
నేను ఒప్పుకోను. సుదర్శనుడు తలుచుకున్నది కొడుకులనే కదా, ప్రజలని కాదు. చేటు ఉన్నవాడికే అని సూరి ఉద్దేశం.

రాజాం అమ్మాయి:
ప్రజలకి కాదని కూడా ఎక్కడా అనలేదే. ఆ విభక్తి వదిలేయడం సూరి తెలిసి చేసిన పనే అంటాను. ‘పొరయు’ని ప్రాచీన కవులు ఎవరిని కర్తగా పెట్టి వాడారో ప్రయోగాలు తీసి రేపు ఇక్కడే పెడతాను. అప్పటిదాకా ఎవరూ తీర్పు ఇవ్వకండి.