ఎవిడెన్స్ పేపర్: పాత సెక్షన్లు, కొత్త సెక్షన్లు రెండూ చదవాలా?

లా_మూడో_ఏడు:
పరీక్షకు నెలే ఉంది. నా నోట్సంతా పాత 1872 సాక్ష్య చట్టం (ఎవిడెన్స్ యాక్ట్) మీదే. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో నంబర్లన్నీ మారాయి. రెండూ బట్టీ పట్టాలా? ఇంకోటి, సివిల్‌లో, క్రిమినల్‌లో రుజువు స్థాయి వేరంటారు కదా, అది చట్టంలో ఎక్కడుంది?

రెండోసారి_రాస్తున్నా:
రెండూ కావాలి. మరణ వాంగ్మూలానికి 32(1) అని రాసి వచ్చాను, అడిగింది కొత్త చట్టంలోని 26. ఇంటికొచ్చి చూసుకుని ఏడ్చాను. నిందితుడు పోలీసులకు చెప్పిన మాటతో వస్తువు దొరికితే వర్తించే పాత 27 కూడా ఇప్పుడు విడిగా లేదు, కొత్త 23కి ప్రొవైజో (మినహాయింపు) అయింది. వస్తువు దొరికితే పోలీసులకు చెప్పిందంతా చెల్లుతుంది, అంతే గుర్తుపెట్టుకో.

క్రిమినల్_18ఏళ్లు:
అంతా చెల్లుతుందని ఎవరు చెప్పారు? పులుకూరి కోటయ్య తీర్పు తెరిచైనా చూశారా? అందులో నిందితుడి మాటల్లో, కత్తి ఇంటి కప్పులో దాచానన్న ముక్క సాక్ష్యంలోకి వస్తుంది. 'దాంతో పొడిచాను' అన్నది రాదు. పద్దెనిమిదేళ్లుగా సెషన్స్‌లో ఇదే వాదిస్తున్నాను.

సివిల్_జూనియర్:
నంబర్ల కంటే ముందు కోర్టు హాల్లో కూర్చో తమ్ముడూ. మొదటి కేసులో ప్రామిసరీ నోటు జిరాక్సును సాక్ష్యంగా మార్క్ చేయించబోయాను. అవతలి లాయరు లేచి "ఒరిజినల్ ఏమైంది?" అన్నారు. మా సాక్షి రాతపూర్వక వాంగ్మూలం, అంటే చీఫ్ అఫిడవిట్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఏ-1 అనే నంబరు పడాల్సిన చోట ఖాళీ. సెకండరీ ఎవిడెన్స్ (ఒరిజినల్ బదులు నకలు చూపించడం) నాకు ఆ రోజు బుర్రకెక్కింది.

కింది_కోర్టు_లాయర్:
18ఏళ్ల సార్, తీర్పులో ఉన్నది వేరు, జరిగేది వేరు. పోలీసులు సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికలో ఒప్పుకోలు మొత్తం రాస్తారు, మొత్తం మార్క్ అయిపోతుంది. మీరెన్నిసార్లు ఆపగలిగారు?

క్రిమినల్_18ఏళ్లు:
అబ్జెక్షన్ చెప్పడం చేతకాక చట్టాన్ని అంటారేంటి? చెల్లే భాగం వరకే మార్క్ చేయమని అడగాలి. నోరు మూసుకుని కూర్చుంటే మొత్తం పడుతుంది మరి.

కింది_కోర్టు_లాయర్:
చేతకాదని నన్నంటున్నారా? మర్యాదగా మాట్లాడండి.

సీసీటీవీ_బాధితుడు:
మీ గొడవ తర్వాత చూసుకోండి. ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను, సర్టిఫికెట్ లేదని పక్కన పెట్టారు. ఇప్పుడు కొత్త చట్టం 63(4) కింద ఆ సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. పార్ట్ ఏ మనది, పార్ట్ బీ నిపుణుడిది, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. ఆ నిపుణుడి కోసం తిరగలేక చస్తున్నాను.

రెండోసారి_రాస్తున్నా:
సరే, కోటయ్య విషయంలో నాదే తప్పు. పాకల నారాయణస్వామి కేసు మాత్రం నాకు బాగా వచ్చు. హతుడు పిఠాపురం నుంచి బయల్దేరేటప్పుడు 'బరంపురం వెళ్తున్నా, డబ్బు తీసుకోవడానికి రమ్మని ఉత్తరం వచ్చింది' అని భార్యతో చెప్పాడు. తర్వాత పూరీలో రైలు పెట్టెలో ఉన్న ట్రంకులో అతని శవం. చావు భయం లేనప్పుడు అన్న మాటైనా 1939లో ప్రివీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు) మరణ వాంగ్మూలంగా ఒప్పుకుంది. కథలా చదివితే మర్చిపోం.

లా_మూడో_ఏడు:
రుజువు స్థాయి గురించి ఎవరూ చెప్పలేదు.

సివిల్_జూనియర్:
చట్టంలో వెతకకు, దొరకదు. 'ప్రూవ్డ్' నిర్వచనం రెండింటికీ ఒకటే, పాత 3, కొత్త 2. క్రిమినల్ కేసుల్లో చెప్పే 'సందేహాతీతంగా' అనే మాట అందులో లేదు. ఆ తేడా తీర్పుల్లోంచి వచ్చింది. సివిల్‌లో ఎవరి వైపు సంభావ్యత మొగ్గుతుందో చూస్తారు.

కింది_కోర్టు_లాయర్:
నా పాత ఫైలు తీశాను. 'పొడిచిన' అన్న మాట మార్క్ చేసిన భాగంలోనే ఉంది. అప్పీలు గ్రౌండ్స్‌లో రాస్తున్నాను. 18ఏళ్ల సార్, మీరు చెప్పింది సరే, చెప్పిన తీరు మాత్రం బాగాలేదు.