పాత కోల్ట్ పాకెట్ పిస్టల్‌లో బ్యారెల్ తిరగడం లేదు – ఏం చేయాలి?

అడిగినవారు (టెక్సస్): ఇక్కడ ఒక పెద్దాయన దగ్గర కోల్ట్ 1903 పాకెట్ హామర్‌లెస్ కొన్నాను, .32 క్యాలిబర్. శుభ్రం చేయడానికి విప్పుదామంటే బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) ఇసుమంతైనా తిరగడం లేదు. పైగా పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట కూడా పైకి లేవడం లేదు. రెండూ బిగుసుకుపోయినట్టున్నాయి. పట్టకారుతో తిప్పవచ్చా?

జవాబు: పట్టకారు జోలికి వెళ్లకండి. మూతి దగ్గర గీత పడితే ఆ పాత నల్లని పూత మళ్లీ రాదు, తుపాకీ విలువా పోతుంది.

అన్నిటికంటే ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బీ) తీసి, ఆ తర్వాత స్లైడ్ (ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం) వెనక్కి లాగి, చాంబర్‌లో (తూటా పేలే అరలో) తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోండి. ఈ వరుస మారకూడదు, మ్యాగజైన్ తీశాం కదా అని చాంబర్ చూడటం మానకూడదు. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే ఏర్పాటు ఈ రకంలో 1926లో వచ్చింది, సీరియల్ సుమారు 4,68,000 దాటాక. అంతకుముందువి మ్యాగజైన్ లేకపోయినా పేలుతాయి. స్లైడ్ కదలక లోపల ఏముందో తెలియకపోతే అక్కడితో ఆపి, తుపాకులు బాగుచేసే పనివాడికి ఇవ్వండి.

ఇక సేఫ్టీ సంగతి. మీది చెడిపోలేదనుకుంటాను. పేరు హామర్‌లెస్ (హామర్ లేనిది) అయినా లోపల హామర్, అంటే తూటాను పేల్చే సుత్తి, ఉంది; స్లైడ్ దాన్ని కప్పేస్తుంది. హామర్ వెనక్కి ఎక్కి ఉన్నప్పుడే సేఫ్టీ పైకి వెళుతుంది, దిగి ఉంటే వెళ్లదు. ఈ పిస్టల్‌ను రూపొందించిన జాన్ బ్రౌనింగ్ దాన్ని అలాగే చేశాడు. ఖాళీ అని తేల్చుకున్నాక స్లైడ్ ఒకసారి లాగి వదిలి, మళ్లీ ప్రయత్నించండి.

అడిగినవారు: నిజమే, సేఫ్టీ ఇప్పుడు తేలిగ్గా వెళుతోంది. బ్యారెల్ మాత్రం మొండికేస్తోంది.

జవాబు: సేఫ్టీ కిందికి దించి ఉంచండి, పైకి ఉంటే స్లైడ్ లాక్ అయిపోతుంది. హామర్ మాత్రం ఎక్కించే ఉంచండి; దిగి ఉంటే దాని స్ప్రింగు బరువు కూడా స్లైడ్ మీద పడి చేతికి పని రెట్టింపవుతుంది.

బ్యారెల్ అడుగున చిన్న పళ్లున్నాయి, అవి ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) లోని గాడుల్లో కూర్చుంటాయి. బ్యారెల్ తిప్పితే అవి ఫ్రేమ్ వదిలి స్లైడ్ లోపలి గాడిలోకి వెళతాయి, అప్పుడు బ్యారెల్, స్లైడ్ కలిసి ముందుకు జారి వస్తాయి. ఆ గాడి పళ్లకు ఎదురుగా వచ్చేది స్లైడ్ ఒకే ఒక్క స్థానంలో ఉన్నప్పుడు. స్లైడ్ మీది గుర్తు ఫ్రేమ్ ముందు అంచుతో సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా బ్యారెల్ కదలదు, మనం తుప్పు పట్టిందనుకుంటాం. తిప్పే చేయి బలం పెడుతుంటే పట్టుకున్న చేయి సడలి, స్ప్రింగు స్లైడ్‌ను ముందుకు తోస్తుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. ఇద్దరు కలిసి చేయండి: ఒకరు గుర్తు చూస్తూ స్లైడ్ పట్టుకోవాలి, మరొకరు మూతికి పల్చటి రబ్బరు ముక్క చుట్టి తిప్పాలి. ఒక వైపుకే తిరుగుతుంది, కంపెనీ ఇచ్చిన పాత సూచనల బొమ్మ చూసి మొదలుపెట్టండి.

గుర్తు సరిగ్గా కలిసినా తిరగకపోతే అప్పుడు ఎండిన నూనె అనుకోవాలి. దశాబ్దాలు పెట్టెలో ఉన్నవాటిలో పాత నూనె బెల్లం పాకంలా గట్టిపడుతుంది. సందుల్లోకి పాకే పల్చటి నూనె మూతి దగ్గర, స్లైడ్ సందుల్లో రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. నూనె వేసే ముందు పిడికి రెండు పక్కలా ఉండే గట్టి రబ్బరు గ్రిప్‌లు తీసేయడం మంచిది. అవి పాతబడి పెళుసుగా ఉంటాయి. బయట అంచు పట్టి లేపకుండా, మర విప్పాక లోపలి నుంచి తోయండి. మీది నికెల్ పూతదైతే అమోనియా ఉన్న ద్రావకం వాడకండి, పూత కింద రాగి ఉంటే దాన్ని తినేస్తుంది.

ఇంకొకరు (విశాఖపట్నం): మా తాతగారి పాత .32 పిస్టల్ లైసెన్సుతో నా పేరుకు మారింది. దానికీ ఇలాగే చేసుకోవచ్చా?

జవాబు: తుడిచి నూనె రాయడం వరకు మీ పనే. మరమ్మతు మాత్రం ఇంట్లో వద్దండి. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం బాగుచేయడానికీ విడిగా లైసెన్సు ఉండాలి. అలాంటి లైసెన్సున్న దుకాణానికే తీసుకెళ్లండి, మీ లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోండి.

అడిగినవారు: వచ్చేసింది. గుర్తు కలపడంలోనే ఉంది కిటుకంతా, మా ఆవిడ స్లైడ్ పట్టుకుంది. లోపల గోధుమరంగు జిగురు చాలానే ఉంది. స్ప్రింగు మార్చాలా?

జవాబు: రీకాయిల్ స్ప్రింగు (స్లైడ్‌ను ముందుకు తోసేది) మార్చేయండి. ఈ తుపాకీలో పేలేటప్పుడు బ్యారెల్‌ను స్లైడ్‌తో కలిపి బిగించే తాళం లేదు, వెనక్కి తోసే దెబ్బను ఆపేవి ముఖ్యంగా స్లైడ్ బరువు, ఆ స్ప్రింగు. అది నీరసించి ఉంటే స్లైడ్ ఫ్రేమ్‌ను గట్టిగా గుద్దుతుంది. తుపాకీ స్ప్రింగులు చేసే వోల్ఫ్ కంపెనీ వాళ్లు ఈ మోడల్‌కు కొత్తవి అమ్ముతున్నారు. పాతది పారేయకుండా సంచిలో వేసి పెట్టండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అసలు భాగాలే అడుగుతారు.