తిరిగేటప్పుడే తూలుతున్న పెద్దావిడకు బ్యాలెన్స్ వ్యాయామాలు ఎలా పెంచాలి?

పెద్దవాళ్లకు ఫిజియోథెరపీ చేసేవాళ్లెవరైనా సలహా ఇవ్వండి. 70 దాటినావిడ, చికిత్స ఇంట్లోనే. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి 17 సెకన్లు పడుతోంది. 12 పట్టినా పడే ముప్పున్నట్టే లెక్క. తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉంటారు. వెనక్కి మళ్లేటప్పుడు చిన్న అడుగులు వేయకుండా కుడికాలి మీదే గిర్రున తిరగబోతారు, తూలేది అక్కడే. పడుకుని లేచాక 1, 3 నిమిషాలకు చూస్తే బీపీ పడిపోవట్లేదు. పాదాల్లో స్పర్శ ఉంది.

వారానికి మూడు రోజులు వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, పక్కకు అడుగులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం చేయిస్తున్నాం. ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు వెనక్కి జారుతుంది కాబట్టి గోడకు ఆనించిన చెక్క కుర్చీయే వాడుతున్నాం. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడమంటే 6 సెకన్లే ఆగగలుగుతున్నారు.

అది 10 సెకన్లు అయ్యేదాకా ఆగాలా, ఎనిమిది అంకె ఆకారంలో నడిపించడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? గట్టు మీద పట్టును రెండు చేతుల నుంచి ఒక చేతికి, ఆపైన వేలికొనలకు ఏం చూసి తగ్గిస్తారు? మోకాలి అరుగుదల కూడా ఉంది, చీలమండకు కట్టే బరువు అరకిలోతో మొదలుపెడితే ఎక్కువవుతుందా?